ఇద్దరికీ ఒకే అవ్వ

తక్కువ ఖర్చుతో డిజైన్ చదవాలంటే ఏ దేశం పోవాలి మేడమ్ అని అడగడానికి ఇప్పటికీ నెలకు ఒకరిద్దరు మా ఇంటికి వస్తుంటారు. నేను ఉద్యోగం నుంచి తప్పుకొని మూడేళ్లయింది. తెలిసినంత చెప్తాను. ఏ దేశంలో ఫీజు ఎంత, ఏ కాగితం ముందు తెచ్చుకోవాలి, ఏది ఆలస్యమైతే వీసా ఆగుతుంది, అన్నీ చెప్తాను. లేవబోయే ముందు చాలామంది ఒక మాట అడుగుతారు. "ఎస్ఓపీ మాత్రం మీరే రాసిపెట్టండి మేడమ్." రాయను అంటాను. మొహం చిన్నబుచ్చుకుని వెళ్తారు. ఎందుకు రాయనో ఒక్కొక్కరికీ విప్పి చెప్పే ఓపిక లేదు. అందుకే ఇక్కడ ఒక్కసారే రాసిపెడుతున్నాను. మీలో కొందరు రేపు నేను చేసిన ఉద్యోగంలోకే రావచ్చు. వాళ్లకు కూడా ఇది పనికొస్తుంది.

నేను మొదట తిరుపతిలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఇంగ్లీషు చెప్పేదాన్ని. ఆ కాలేజీ మూతపడ్డాక విదేశీ చదువుల కన్సల్టెన్సీలో చేరాను. మందుల షాపు పైన రెండో అంతస్తులో ఆఫీసు. గోడ నిండా వీసా వచ్చిన పిల్లల ఫొటోలు. అందరూ పాస్‌పోర్టు గడ్డం కింద పట్టుకుని నవ్వుతూ ఉంటారు. మేము నలుగురం కౌన్సిలర్లం. నా పక్క టేబుల్లో బ్రిటన్ చూసే కుర్రాడు ఉండేవాడు. రోడ్డు మీద పోతున్నవాణ్ణి పిలిచి కూర్చోబెట్టి లండన్ పంపగల మాటకారి. నాకు ఆ నేర్పు లేదు. నాకున్నది ఇంగ్లీషు. అందుకని ఎవరు ఏ దేశం పోయినా ఎస్ఓపీ నా దగ్గరికే వచ్చేది.

ఎస్ఓపీ అంటే, ఈ చదువు నేనెందుకు చదవాలనుకుంటున్నాను అని విద్యార్థి యూనివర్సిటీకి రాసుకునే ఉత్తరం. విద్యార్థి రాసుకోవాల్సింది. మా ఆఫీసులో నేను రాసేదాన్ని. పిల్లలు వచ్చి పది నిమిషాలు కూర్చునేవాళ్లు, ఏం చదివారో చెప్పేవాళ్లు, మూడు రోజుల తర్వాత వచ్చి సంతకం పెట్టేవాళ్లు. అలా కొన్ని వందలు రాసుంటాను. అన్నిటికీ కొత్త మాటలు ఎక్కడి నుంచి వస్తాయి? బాగా కుదిరిన పేరా ఒకటి ఉంటే దాన్ని దాచుకుని, కొంచెం అటూ ఇటూ మార్చి మళ్లీ వాడేదాన్ని. అది తప్పని అప్పట్లో నాకు అనిపించలేదు. వంట చేసేవాళ్లు పోపు అన్ని కూరలకూ వెయ్యరా అనుకునేదాన్ని.

అలాంటి రోజుల్లో నగరి నుంచి ఒక అమ్మాయి వచ్చింది.

తిరుపతిలోనే బొమ్మలు గీసే బీఎఫ్ఏ డిగ్రీ చదివింది. వాళ్ల నాయనకు నగరిలో నాలుగు మరమగ్గాలు. లుంగీ గుడ్డ నేస్తారు. ఈ అమ్మాయి బట్టల డిజైన్‌లో పీజీ చెయ్యాలని వచ్చింది. మామూలుగా మా దగ్గరికి వచ్చేవాళ్లు "ఏ దేశమైనా పర్లేదు" అని మొదలుపెడతారు. ఈమె ఒక లాంగ్‌బుక్కు తెచ్చింది. అందులో గళ్లు గీసి దేశాల పేర్లు రాసుకుంది. బ్రిటన్ కొట్టేసింది. జర్మనీలో ఫీజు దాదాపు లేదు గానీ డిజైన్ కోర్సులు ఎక్కువగా జర్మన్‌లో ఉన్నాయని పక్కన రాసుకుంది. ఇటలీ చుట్టూ పెన్సిల్‌తో గుండ్రంగా గీసింది.

"ఆడ సర్కారు యూనివర్సిటీల్లో ఇంటి ఆదాయాన్ని బట్టి ఫీజు కట్టించుకుంటారంట మేడమ్. తక్కువ ఆదాయమైతే స్కాలర్‌షిప్పు, హాస్టలు, ఒకపూట భోజనం కూడా ఇస్తారంట. ఇంగ్లీషులో చెప్పే కోర్సు ఒకటి ఉండాది. నిజమేనా?"

నిజమే. నాకు తెలిసినదాని కంటే ఆమెకే ఎక్కువ తెలుసు. మా మేనేజరుకు మాత్రం ఇటలీ అంటే నచ్చదు. సర్కారు యూనివర్సిటీలు మాలాంటి ఆఫీసులకు కమిషన్ ఇవ్వవు. సరే, మన ఫీజు మనకిస్తారు కదా అని ఒప్పుకున్నాడు. అంతకు ముందు సంవత్సరమే పుత్తూరు అబ్బాయి ఒకడు అదే యూనివర్సిటీలో అదే కోర్సులో చేరి ఉన్నాడు. ఆ ఫైలు కూడా నేనే చూశాను. దారి తెలిసిందే కదా అనే ధీమా నాకు.

ఆ అమ్మాయి నెలన్నరలో కాగితాలన్నీ తెచ్చింది. తాసిల్దారు ఆఫీసులో ఆదాయం సర్టిఫికెట్టు, ఇంటి పత్రాలు, మార్కుల లిస్టులు, వాటికి నోటరీలు. తను వేసిన డిజైన్లన్నీ వరసగా అంటించి పోర్ట్‌ఫోలియో చేసుకుంది. ఏదీ నేను రెండోసారి అడగాల్సిన పని పడలేదు. ఉత్తరం మాత్రం నేను రాశాను.

పుత్తూరు అబ్బాయికి రాసిన ఉత్తరంలో నేను ఒక అవ్వను పుట్టించి ఉన్నాను. ఆ అవ్వ వసారాలో కూర్చుని పాత చీర కొంగును పోగు పోగుగా విప్పి, ఆ దారం మనవడి అరచేతిలో పెట్టి, ఇందులో ఎన్ని రంగులున్నాయో చూడు అంటుంది. ఆ అబ్బాయి అవ్వ నిజానికి ఇంట్లో చీరలు విప్పుకుంటూ కూర్చున్న మనిషి కాదు. పుత్తూరు బస్టాండులో ఇడ్లీలు అమ్మి పిల్లల్ని సాకింది. ఆ సంగతి అబ్బాయే చెప్పాడు. ఇడ్లీలకూ బట్టలకూ ఏం సంబంధం అని నేనే వదిలేశాను. చీర కొంగు పేరా నాకు చాలా నచ్చింది. నగరి అమ్మాయిది నేతపని చేసే ఇల్లు కాబట్టి ఆమెకు ఇంకా బాగా సరిపోతుందనుకున్నాను. మనవడిని మనవరాలు చేశాను. వసారాను అరుగు చేశాను.

ఆ అమ్మాయి కాగితం చదివి తల ఎత్తింది.

"మేడమ్, నేసిన గుడ్డను ఇట్ల పోగులు విప్పేది ఎవురూ చెయ్యరు. మా ఇంట్లో చేస్తే కొడతారు."

"వాళ్లకు తెలీదులే. చదవడానికి బాగుంటుంది."

"మా యవ్వ మగ్గానికి నూలు కండెలు చుడతాది. అది రాయొచ్చు కదా?"

"కండెలంటే వాళ్లకేం అర్థమవుతుంది? ఇది కవితలాగా ఉంది. నా మాట విను."

విన్నది. నేను పెద్దదాన్ని, ఇంగ్లీషు టీచర్ని. సంతకం పెట్టింది.

ఆరు వారాల తర్వాత ఒక పొద్దున ఆఫీసుకు రాగానే మెయిల్ చూశాను. అప్లికేషన్ల మెయిళ్లన్నీ ఆఫీసు అడ్రసుకే వస్తాయి. నాలుగు వాక్యాలు. మీ ఉత్తరంలో చాలా భాగం గతంలో మాకు వచ్చిన మరొక అభ్యర్థి ఉత్తరంతో సరిపోలుతోంది, అందువల్ల మీ దరఖాస్తును తిరస్కరిస్తున్నాం, ఈ కోర్సుకు మళ్లీ దరఖాస్తు చేసే అర్హత కూడా మీకు ఉండదు. మర్యాదగానే రాశారు. రెండుసార్లు చదివాను. ఇద్దరు పిల్లలకు ఒకే అవ్వ ఉన్న సంగతి అక్కడెవరో పట్టుకున్నారు.

మేనేజరు దగ్గరికి తీసుకుపోయాను. ఆయన కుర్చీలో వెనక్కి వాలి, "సీట్లు అయిపోయినాయని చెప్పండి మేడమ్. వేరే కాలేజీ చూద్దాం. దీన్ని బయట పెట్టినామంటే ఆఫీసు పేరు పోతాది" అన్నాడు. మా బ్రిటన్ కుర్రాడు పక్క నుంచి, "ఇదే బ్రిటన్ అయ్యుంటే సీటు ఇచ్చేసుండేవాళ్లు మేడమ్" అన్నాడు. నన్ను ఓదార్చాలనే అన్నాడు పాపం.

ఆ మధ్యాహ్నం సీటు సంగతి కనుక్కోవడానికి ఆ అమ్మాయీ వాళ్ల నాయనా వచ్చారు. ఆయన్ను చూడటం అదే మొదటిసారి. తెల్ల పంచె, నీలం గళ్ల చొక్కా, చెవుల్లో దూది. మగ్గాల మోతకు ఆ ఊళ్లో చాలామంది అలా పెట్టుకుంటారు, బయటికి వచ్చినప్పుడు తీయడం మరిచిపోతారు. నేను వాళ్ల ఎదురుగా కూర్చుని, సీట్లు అయిపోయాయని చెప్పాను.

ఆయన దూది తీసి మళ్లీ అడిగాడు. మళ్లీ చెప్పాను. "సరేమ్మా. మీరు చేయాల్సింది చేసినారు" అని దండం పెట్టి లేచాడు. ఉద్యోగంలో నన్ను తిట్టినవాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్లెవరూ గుర్తు లేరు. ఆ దండం గుర్తుంది.

మర్నాడు సెలవు పెట్టి నగరి బస్సెక్కాను. ఏదో గొప్ప తెగింపుతో వెళ్లానని రాయాలని ఉంది గానీ అలాంటిదేమీ లేదు. అప్లికేషను లాగిన్ వివరాలు ఆ అమ్మాయి దగ్గర కూడా ఉన్నాయి. ఎప్పుడో ఒకప్పుడు తెరిచి చూస్తుంది. అప్పుడు ఎవరి నోటి నుంచో తెలిసే బదులు నా నోటి నుంచి తెలియడం మేలనుకున్నాను. భయం కొంత, సిగ్గు కొంత.

బస్సు పుత్తూరులో ఆగింది. విరిగిన ఎముకకు పుత్తూరు కట్టు కట్టించుకోవడానికి వచ్చినవాళ్లు దిగారు, కట్టు కట్టించుకున్నవాళ్లు ఎక్కారు. అప్పటిదాకా నేను నగరి అమ్మాయి గురించే ఆలోచిస్తున్నాను. పుత్తూరు బోర్డు చూశాకే ఆ ఊరి అబ్బాయి గుర్తొచ్చాడు. అతను సీటు తెచ్చుకున్నదీ అదే ఉత్తరంతో.

వాళ్ల ఇల్లు మగ్గాల వీధిలో ఉంది. ముందు గదిలో నాలుగు మగ్గాలు, వెనక గదిలో సంసారం. నేను వెళ్లేసరికి కరెంటు లేదు. అందుకే మాట్లాడుకోగలిగాం. అమ్మాయి, నాయన, అమ్మ, ఒక మూల రాట్నం ముందు అవ్వ. జరిగింది జరిగినట్టు చెప్పాను. సీట్ల సంగతి అబద్ధమని కూడా చెప్పాను.

అమ్మాయి తల వంచుకుని గోరుతో చాపను గీరుతూ ఉంది. ఏడుస్తుందనుకున్నాను. తల ఎత్తినప్పుడు కళ్లు పొడిగానే ఉన్నాయి.

"నేను చెప్పినాను కదా మేడమ్" అంది. "ఎవురూ అట్ల చెయ్యరని."

"చెప్పావు."

మూలనున్న అవ్వకు సగమే వినపడినట్టుంది. కోడల్ని అడిగి మళ్లీ చెప్పించుకుంది. విని నా వైపు తిరిగింది.

"నేను చీర పోగులు విప్పినానని రాస్తివా?"

"తప్పే అవ్వా."

"విప్పిన పోగు దేనికి పనికొస్తాది? మగ్గమెక్కిస్తే మూరకొక తూరి తెగతాది. సదువుకున్నదానివి, ఎవురినన్నా అడగొద్దా?"

ఆమె కోపమంతా దాని మీదే. మనవరాలికి సీటు పోవడం కన్నా, తనను పని తెలియని మనిషిగా పరాయి దేశానికి పరిచయం చెయ్యడం ఆమెకు ఎక్కువ బాధ కలిగించింది. నాకు నవ్వు రాలేదు. ఇప్పుడు తలుచుకుంటే వస్తుంది.

యూనివర్సిటీకి నేనే రాస్తానని చెప్పాను. రెండు ఉత్తరాలూ నావేనని, ఈ అమ్మాయి వద్దన్నా వినలేదని రాస్తాను, కనీసం మళ్లీ అప్లై చేసుకునే వీలన్నా ఇమ్మని అడుగుతాను అన్నాను. వాళ్ల నాయన తలూపాడు. అమ్మాయే అడ్డం వచ్చింది.

"మీరట్ల రాస్తే, ముందు పోయిన ఆ పిల్లోడికేమవుతాది?"

"ఏమవుతుందో తెలీదు."

"ఆయన ఆడ సదవతా ఉండాడు మేడమ్. నాకింకా ఏమీ మొదలు కాలేదు. ఆయన్ను నడిమధ్యన యాడ వదిలిపెడతారు?"

వాళ్ల నాయన చాలాసేపు దూదిని వేళ్ల మధ్య నలుపుతూ కూర్చున్నాడు. తర్వాత నాతో అన్నాడు. "ముందు ఆ పిల్లోడికి ఫోన్ చెయ్యండమ్మా. ఆయనకు తెలీకుండా రాయొద్దు. తెలిసినాక ఏం చేసేది మీ ఇష్టం. ఈ పాప మీద పెట్టొద్దండి, ఇది మీ పని."

కరెంటు వచ్చింది. నాలుగు మగ్గాలూ ఒక్కసారి మొదలయ్యాయి. ఇక ఎవరి మాట ఎవరికీ వినపడలేదు. ఆ అమ్మాయి సందు చివర దాకా వచ్చి బస్సు ఎక్కించింది.

తిరుపతి వచ్చిన సాయంత్రమే పుత్తూరు అబ్బాయికి ఫోన్ చేశాను. నా గొంతు విని సంతోషపడ్డాడు. సెకండ్ సెమిస్టర్ మార్కులు చెప్పాడు. మరుసటి సంవత్సరం వేరే దేశంలో ఒక సెమిస్టర్ చదివే అవకాశం వాళ్ల డిపార్ట్‌మెంటులో ఇద్దరికే ఉంటుందని, తన పేరు అనుకుంటున్నారని చెప్పాడు. అంతా విన్నాక నేను విషయం చెప్పాను.

"రాయొద్దు మేడమ్" అన్నాడు. "మీ కాళ్లు పట్టుకుంటాను. ఆ అమ్మాయి వేరే కాలేజీకి పోతాది. నేను యాడికి పోవాల?"

"వాళ్ల దగ్గర రెండు ఉత్తరాలూ ఉన్నాయి నాయనా. నేను రాయకపోయినా నిన్ను అడగొచ్చు."

"అడిగినప్పుడు నేను సూసుకుంటాను. మీరు రాయొద్దు. ఆ పొద్దు నేను ఇడ్లీల గురించి చెప్తే మీరే వద్దన్నారు. ఇప్పుడు మీరే పట్టిస్తారా?"

మళ్లీ చేస్తానని చెప్పి ఫోన్ పెట్టేశాను.

రెండు రోజులు ఊరుకున్నాను. మూడో రోజు రాశాను. ఆఫీసు అడ్రసు నుంచి కాకుండా నా సొంత మెయిల్ నుంచి, నా పేరుతో. ఆ రెండు ఉత్తరాలు రాసింది నేనని, అందులోని అవ్వ నా కల్పన అని, రెండో విద్యార్థిని అది తప్పని చెప్పినా నేను వినలేదని, మొదటి విద్యార్థి తన సొంత కథ చెప్పినా నేనే పక్కన పెట్టానని రాశాను. పిల్లలకు ఏమీ తెలియదని రాయబోయి ఆగాను. తెలుసు. ఇద్దరూ చదివే సంతకం పెట్టారు. అది దాస్తే ఇది కూడా నేను రాసిన ఇంకో ఎస్ఓపీ అవుతుంది.

ఎందుకు రాశానో మీకు సరిగ్గా చెప్పలేను. ఆ అబ్బాయి వాదన తప్పేమీ కాదు. అతనికి పోయేది ఉంది, ఆమెకు రావాల్సింది ఉంది. ఆ రెంటినీ తూచి ఒకటి ఎంచుకున్నానంటే అబద్ధం. వద్దని చెప్పినదాని మీద శిక్ష పడింది, వినకుండా రాసిన నేను హాయిగా జీతం తీసుకుంటున్నాను. అది ఒంటికి పట్టలేదు. అంతే.

పదకొండు రోజులకు జవాబు వచ్చింది. ఈ సంవత్సరం నిర్ణయం మారదు. వచ్చే సంవత్సరం ఆమె మళ్లీ దరఖాస్తు చేసుకోవచ్చు, ఉత్తరం స్వయంగా రాసుకోవాలి, దాని మీద ఇంటర్వ్యూలో ప్రశ్నలుంటాయి. నాకు కృతజ్ఞతలు. మొదటి విద్యార్థి సంగతి విడిగా చూసుకుంటాం.

మేనేజరుకు నేనే చెప్పాను. ఆయన అరవలేదు. మర్నాడు నా టేబుల్ మీద కంప్యూటర్ తీయించి, వెనక గదిలో సర్టిఫికెట్లు సరిచూసే పని ఇచ్చాడు. పేర్లలో అక్షరం తేడాలు, పుట్టినతేదీల్లో తేడాలు పట్టుకునే పని. రిటైరయ్యే దాకా రెండేళ్లూ అదే చేశాను. ఎస్ఓపీలు బ్రిటన్ కుర్రాడి చేతికి పోయాయి. అతని దగ్గర అవ్వలు లేరు. అందరికీ చిన్నప్పుడే పోయిన తాతలే.

నగరి అమ్మాయి ఆ సంవత్సరం ఇంట్లోనే ఉంది. నాలుగు మగ్గాల్లో ఒకదాన్ని వారానికొక రోజు తనకివ్వమని నాయన్ని అడిగి, చిన్న చిన్న ముక్కలు నేయించుకుంది. తర్వాతి దరఖాస్తుల కాలం వచ్చినప్పుడు నాలుగు పేజీలు పట్టుకుని మా ఆఫీసుకు వచ్చింది. ఫీజు కట్టలేదు, కౌన్సిలర్‌ని కలవలేదు. నేరుగా వెనక గదికి వచ్చి, "రాసినాను మేడమ్. సూస్తారా?" అంది.

చదివాను. వాళ్ల నాయన ముప్ఫై ఏళ్లుగా ఒకే రకం గళ్లు నేస్తున్నాడట. నూలిచ్చే షావుకారు ఆ గళ్లే కావాలంటాడు. షావుకారును అడిగితే చెన్నపట్నం కొట్లవాళ్లు అవే అడుగుతారంటాడు. ఈ అమ్మాయి చెన్నపట్నం పోయి ఆ కొట్లవాళ్లను అడిగింది. నగరి నుంచి అవే వస్తాయి కాబట్టి అవే అమ్ముతున్నామన్నారట. ఒక గడి ఎంత పెద్దగా ఉండాలో, రెండు ఎర్ర పోగుల పక్కన ఎన్ని నల్ల పోగులుండాలో ఇంతకీ నిర్ణయించింది ఎవరు? ఇది తెలుసుకోవడానికీ, తర్వాత తను నిర్ణయించడానికీ ఈ చదువు కావాలని రాసింది.

ఇంగ్లీషు గట్టిది కాదు. తొమ్మిది తప్పులు లెక్కపెట్టాను. రెండో పేజీలో ఒక వాక్యం ముందుకు తీసుకొస్తే ఎంత బాగుంటుందో నాకు స్పష్టంగా కనపడుతోంది. పెన్ను బ్యాగులోంచి తీసి మళ్లీ పెట్టేశాను.

"యూనివర్సిటీ పేరులో ఒక అక్షరం తప్పుంది. చివర్లో తేదీ పాతది. ఆ రెండు మార్చు."

"మిగతాది?"

"మిగతాది నీది."

ఇంటర్వ్యూలో గంటకు పైగా గళ్ల గురించే అడిగారట. సీటు వచ్చింది. ఆదాయం కాగితాలు పాతవి పనికిరాక అన్నీ మళ్లీ తెచ్చుకుంది. స్కాలర్‌షిప్పూ హాస్టలూ వచ్చాయి, అక్కడి ఖర్చు తన లాంగ్‌బుక్కులో వేసుకున్న అంచనాకు దగ్గరగానే సరిపోయింది. చెన్నై నుంచి విమానం ఎక్కే ముందు వాళ్ల నాయన నాకు ఫోన్ చేశాడు. పక్కన అవ్వ ఉన్నట్టుంది. "ఈసారి నన్ను గురించి ఏమీ రాయలేదు కదా?" అని అడగడం వినపడింది.

ఇక పుత్తూరు అబ్బాయి. డిపార్ట్‌మెంటువాళ్లు పిలిచి అడిగారు. ఫైల్లో హెచ్చరిక రాసుకున్నారు. చదువు ఆగలేదు, స్కాలర్‌షిప్పు పోలేదు. వేరే దేశంలో చదివే ఆ సెమిస్టర్ మాత్రం ఇంకొకరికి ఇచ్చారు. ఇదంతా అతనే ఫోన్ చేసి చెప్పాడు. గొంతు పెంచలేదు. "మీకు తృప్తిగా ఉండాదా మేడమ్?" అని అడిగి పెట్టేశాడు. ఆ తర్వాత నేను ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు.

చదువు ముగించి ఇప్పుడు అదే ఊళ్లో ఫర్నిచర్ బట్టలు తయారుచేసే కంపెనీలో పనిచేస్తున్నాడని నగరి అమ్మాయి చెప్పింది. ఆమె చేరిన కొత్తలో హాస్టల్ చూపించింది, బియ్యం ఎక్కడ దొరుకుతాయో చెప్పింది, రెసిడెన్స్ పర్మిట్ ఆఫీసు దగ్గర ఆమె కోసం మూడు గంటలు లైన్లో నిలబడింది అతనే. ఆమె మీద ఏ కోపమూ పెట్టుకోలేదు. నా మాట వస్తే మాత్రం లేచి వెళ్లిపోతాడట. "మీ తరపున నేను మాట్లాడేదా మేడమ్?" అంది ఒకసారి. వద్దన్నాను. నా తరపున రాసేవాళ్లు, మాట్లాడేవాళ్లు వద్దు.

పోయిన నెల నేనే అతనికి వాట్సాప్‌లో నాలుగు వాక్యాలు పంపాను. తెలుగులో, ఏ అలంకారం లేకుండా. నువ్వు చెప్పిన ఇడ్లీల కథ ఆ రోజే రాసి ఉండాల్సింది, రాయనివ్వనిది నేను, దానివల్ల నష్టపోయింది నువ్వు, క్షమించమని అడగడానికి ఆలస్యమైంది అని.

రెండు టిక్కులూ నీలం రంగులోకి మారాయి. చదివాడు. జవాబు ఇంకా రాలేదు.